వంటింటి ప్లగ్గు

వంటింటి ప్లగ్గులో గుచ్చిన టెస్టర్ చివర ఎర్రగా వెలిగింది. “కరెంటున్నది గదా! కండ్లు కనవడ్తలేవా?” అన్నాడు ప్రేమ్‌కుమార్.

నీలకు కళ్లు బాగానే కనబడుతున్నాయి. టెస్టర్ వెలగడమూ కనబడుతోంది, పక్కనే మిక్సీ గిన్నెలో నలగకుండా పడి ఉన్న అల్లం ముక్కలూ కనబడుతున్నాయి. మొగుడి ముందే ఇంకోసారి బటన్ తిప్పింది. మిక్సీ ఉలకలేదు.

“మరి ఇదెందుకు తిరుగుతలేదు?”

“మిక్సీ ఖరాబైంది కావచ్చు. నువ్వు ఏ వస్తువన్న సక్కగ వాడ్తె గదా.” టెస్టర్ చొక్కా జేబులో పెట్టుకుని కార్ఖానాలోకి పోయాడు. ఆయనకు టెస్టర్ వెలిగితే చాలు. మిక్సీ తిరగకపోవడం ఆయన లెక్కలోకి రాదు, ఎందుకంటే మిక్సీ ఆయన ఏనాడూ తిప్పలేదు.

సిరిసిల్లలో ఆ వీధిలో అన్ని ఇళ్లలాంటిదే వాళ్ల ఇల్లు. ముందు భాగమంతా కార్ఖానా. అందులో ఎనిమిది సాంచాలు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అనే అంటారు. వెనక ఒక హాలు, ఒక వంటిల్లు, ఆ వెనక రేకుల వరండా. కార్ఖానాకు మీటరు వేరు, ఇంటికి మీటరు వేరు. మర్యాదలు కూడా వేరే. ఒక్క సాంచ మోటరు మూలిగితే చాలు, పది నిమిషాల్లో ఎలక్ట్రీషియన్ ఓదెలు బండి గుమ్మం ముందు ఆగుతుంది. తింటున్న కంచం వదిలి వస్తాడు ఓదెలు. వంటింట్లో మూడు ప్లగ్గులూ చచ్చిపోయి మూడు వారాలైంది. మిక్సీ లేదు, రైస్ కుక్కర్ లేదు, ఫ్రిజ్ ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు చేయదో తెలియదు. అత్త రాములవ్వ మాత్రం, “లైటు ఎలుగుతున్నది గదనే, ఇంకేం గావాలె? మేం రోట్ల నూరలేదా?” అంది. రాములవ్వ నూరిన రోలు ఇల్లు కట్టినప్పుడే పునాదిలోకి పోయింది. ఇప్పుడు నీల మిక్సీ ఎత్తుకుని హాల్లోకి పోయి, టీవీ పక్కన నేల మీద కూర్చుని పచ్చడి రుబ్బుతోంది. “ఆ సప్పుడు బంద్ చెయ్, వార్తలు ఇనవడ్తలేవు” అని పగలంతా సాంచాల మోతలో బతికే మనిషి కసురుకుంటాడు.

ప్లగ్గులు ఎప్పుడు చచ్చాయో నీలకు తెలుసు. కండెల మిషన్ జాగా మారిన రోజున. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టే మిషన్ అది, నాలుగు కదుర్ల చిన్న మిషన్. పద్నాలుగేళ్లుగా కార్ఖానా మూలన దాని ముందు కూర్చున్నది నీలే. ఎనిమిది సాంచాలు నమిలినంత వేగంగా ఆమె కండెలు చుట్టాలి. దాన్ని ప్రేమ్‌కుమార్ వెనక వరండాలోకి మార్పించాడు. “ఇగ నీకు సుఖం. కూసున్న కాడనే పొయ్యి కూడ సూసుకోవచ్చు” అన్నాడు, నగ చేయించి ఇచ్చినవాడిలాగా. ఓదెలు వచ్చి వంటింటి బోర్డులోంచి వైరు లాగి వరండా గోడకు స్విచ్ బిగించి పోయాడు. ఆ సాయంత్రమే మిక్సీ ఆగిపోయింది. ఆ మాట నీల చెప్పింది కూడా.

“ఓదెలు పన్ల వంక పెడ్తున్నవా? ఎనిమిది సాంచాలు వాని చేతి మీద నడుస్తున్నయ్” అన్నాడు ప్రేమ్‌కుమార్. అక్కడితో ఆ మాట అయిపోయింది.

హాల్లో పెట్టి చూడాలని తోచకముందు మిక్సీని షాపుకు పట్టుకుపోతే అక్కడ గిర్రున తిరిగింది. షాపతను నవ్వాడు. మర్నాడు పదకొండింటికి నీల మిషన్ మీద ఉండగా ప్రేమ్‌కుమార్ తనే వంటింట్లోకి పోయి మిక్సీ పెట్టాడు. తిరిగింది! ఫోన్ చార్జర్ పెట్టాడు. ఎక్కింది! “నాకు తిరిగింది, నీకు తిరగదా? అది నిన్ను గుర్తువడ్తదా?” అని అరిచాడు. నీల మిషన్ ఆపి లేచి పోయి బటన్ తిప్పింది. చప్పుడు లేదు. అప్పటికే ఆయన కార్ఖానాలో ఉన్నాడు. లేచినప్పుడల్లా మిషన్ ఆపడం ఆమెకు చేతి అలవాటు. “ఊకె తిరిగితె కరెంటు కాలుతది, లేసినప్పుడు బంద్ చెయ్” అని పెళ్లైన కొత్తలో రాములవ్వ పదిసార్లు చెప్పి నేర్పింది.

చివరికి ఓదెలును కూడా పిలిచారు. ఆయనా పగలే వచ్చాడు, నీల కండెలు చుడుతున్నప్పుడే. ప్లగ్గులో బల్బు పెట్టి చూశాడు. పొద్దస్తమానం వంటింట్లో నిలబడే మనిషి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంటే ఆమెను ఒక్క మాట అడగకుండా, కార్ఖానాలోకి పోయి ప్రేమ్‌కుమార్‌తో చెప్పాడు: “అన్నా, లైన్ ఫస్ట్ క్లాస్ ఉన్నది. వదినె ప్లగ్గు గట్టిగ పెడ్తలేదు కావచ్చు.” ఇద్దరూ నవ్వుకున్నారు. ప్లగ్గు పెట్టడం కూడా చేతకాని దాని చేతి వంటే ఆ మధ్యాహ్నం ఇద్దరూ తిన్నారు.

ఆ తర్వాత పాల గొడవ. ఉదయం ఫ్రిజ్ తెరిస్తే పాలు విరిగి ఉండేవి, ఒకరోజు కాదు, వరసగా నాలుగు రోజులు. ఫ్రిజ్ రాత్రంతా నడవలేదని నీల చెబితే రాములవ్వ మొహం అదోలా పెట్టింది. “నిన్న పగటీలి సల్లనీళ్లకు నేనే తీసిన. లోపట లైటు తళతళ మెరిసింది. నువ్వేమో సచ్చిపోయిందంటవ్. నాకు కండ్లు లేవా, నీకు మతి లేదా?”

ఆ మాట అలా ఇంట్లోకి వచ్చింది. వచ్చినది ఊరికే పోలేదు. కూరలో ఉప్పు తక్కువైతే మతి, కూతురు స్రవంతి టిఫిన్ డబ్బా మర్చిపోతే మతి, పిలిస్తే రెండో పిలుపుకు పలికితే మతి. సాంచాల మోతలో రెండో పిలుపుకు పలకని వాళ్లు ఆ వీధిలోనే లేరు, కానీ వాళ్లెవరికీ మతి పోలేదు. నీల మొదట కోప్పడింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత, అన్నిటికంటే అన్యాయమైన సంగతి, తనను తనే అనుమానించడం మొదలుపెట్టింది. పొయ్యి ముందు నిలబడి స్విచ్ వేసి, తీసి, వేసి, వేళ్లతో లెక్కపెట్టుకునేది. నిజంగానే స్విచ్ వేస్తున్నానా, వేశాననుకుంటున్నానా? ఇంట్లో అందరికీ పనిచేసే వస్తువు తన చేతికే ఎందుకు చచ్చిపోతోంది? మూడు నెలల క్రితం మార్కెట్‌లో గొడుగు మర్చిపోయిన సంగతి గుర్తొచ్చేది. పదో తరగతిలో లెక్కల సారు ‘నీకు ధ్యాస ఉండదు’ అన్న సంగతి గుర్తొచ్చేది. ముప్పై ఆరేళ్ల జీవితంలో తనమీద పడిన నిందలన్నీ సాక్ష్యానికి పిలిచినట్టు లేచి వచ్చేవి. ఒక మనిషిని పిచ్చిదాన్ని చేయడానికి పెద్ద కష్టమేమీ పడనక్కర్లేదు. ఆమె చెప్పింది నమ్మకుండా ఉంటే సరిపోతుంది.

కార్ఖానా మనుషులకు మెల్లగా మాట్లాడటం రాదు. రోజంతా సాంచాల మీదుగా అరిచి అరిచి గొంతు అక్కడే ఆగిపోతుంది, గుసగుస కూడా వీధి చివరికి వినబడుతుంది. గురువారం సాయంత్రం ప్రేమ్‌కుమార్ పెరట్లోకి పోయి, రహస్యమనుకుంటూ, కోరుట్లలోని నీల అన్నకు ఫోన్ చేశాడు. అటు గోడ పక్కన నీల బట్టలు తీస్తోంది.

“యాదగిరి బావా, ఏమనుకోకు. చెల్లెకు తల సక్కగ లేదు. ఉన్నదాన్ని లేదంటది, లేనిదాన్ని ఉన్నదంటది. ఆదివారం అచ్చి తోలుకపో. జగిత్యాలల మంచి డాక్టరున్నడట, సూపియ్యి. నెల రెండు నెలలు ఆడ్నే ఉండనియ్... పిల్లనా? పిల్ల ఈడ్నే ఉంటది. ఇసొంటి తల్లి కాడ ఎట్ల ఉంచుత?”

నీల చేతిలో ఆయన చొక్కానే ఉంది. దాన్ని మడత పెట్టిందో, నలిపిందో ఆమెకు తెలియదు. పద్నాలుగేళ్లు. స్రవంతికి పదమూడు. ఆ పిల్ల జ్వరాలన్నీ, పరీక్షలన్నీ, మొన్నటి మొదటి నెలసరి నొప్పితో సహా అన్నీ తన ఒళ్లోనే గడిచాయి. ఇప్పుడు మిక్సీ తిరగలేదని ఆ పిల్లను తన నుంచి తీసేస్తారట! ఫోన్లో అన్న గొంతు వినబడలేదు కానీ, “సరే బావ, సరే. ఆదివారం” అని ప్రేమ్‌కుమార్ అనడం వినబడింది. అంటే అన్న కూడా ఒప్పుకున్నాడు. చెల్లెకు ఒక్కసారి ఫోన్ చేసి ‘ఏమైంది’ అని అడగకుండా ఒప్పుకున్నాడు. ఆ క్షణాన నీలకు ఏడుపు రాలేదు. పెళ్లైన తర్వాత మొదటిసారి ఆమెకు కోపం శుభ్రంగా, అనుమానం కలవకుండా వచ్చింది.

ఉతకడానికి తీసిన ఇంకో చొక్కా జేబులో టెస్టర్ ఉంది. దాన్ని తన పెట్టెలో దాచుకుంది.

శనివారం మధ్యాహ్నం పక్కింటి శాంత వచ్చింది. శాంత కూడా కండెలు చుట్టే మనిషే. ఆమె మిషన్ మోటరు కాలిపోయింది. “నీలక్కా, ఒక పదిహేను కండెలు సుట్టుకుంట. నాకోసం సాంచ ఆగింది” అంది. “కూసో” అని నీల మిషన్ ఆపి లేచి వంటింట్లోకి పోయింది.

పోయి టెస్టర్ తీసింది. మొగుడు చేసినట్టే ప్లగ్గు కుడి బొక్కలో గుచ్చింది. వెలిగింది. ఇక్కడిదాకా వచ్చి అందరూ తీర్పు చెప్పేసి పోయారు. ఆమె ఎడమ బొక్కలో కూడా గుచ్చింది. అందులోనూ వెలిగింది. నీల ఆగిపోయింది. హాల్లో మిక్సీ పెట్టే ప్లగ్గు దగ్గరికి పోయి చూసింది. అక్కడ ఒక బొక్కలోనే వెలుగు, రెండోది చీకటి. మళ్లీ వంటింట్లోకి వచ్చి ఎడమ బొక్కలో గుచ్చి చూస్తూ ఉంది. వరండాలో శాంత స్విచ్ వేసిన చప్పుడైంది. కదుర్లు తిరిగాయి. టెస్టర్‌లో వెలుగు పోయింది. వెనకాల ఫ్రిజ్ ‘గుర్రు’మంది.

నీల వెనక్కి తిరిగి మిక్సీ ప్లగ్గు పెట్టి బటన్ తిప్పింది. గింజలు లేని ఖాళీ గిన్నె ఇల్లు ఎగిరిపోయేలా మోగింది.

అంతలో అక్కడ పోగు తెగింది కాబోలు, శాంత స్విచ్ ఆపింది. మిక్సీ ఆగిపోయింది.

“శాంతా! మల్ల వెయ్.”

మిక్సీ తిరిగింది.

“బంద్ చెయ్.”

ఆగింది.

“మల్ల వెయ్... బంద్ చెయ్... మల్ల వెయ్!” ఎన్నిసార్లు చేయించిందో తెలియదు. శాంత భయపడి లేచి వచ్చేసరికి నీల మెయిన్ ఆపి, కత్తి మొనతో బోర్డు మరలు విప్పుతోంది. నల్ల వైరు సంగతి చూడగానే అర్థమైంది. కరెంటు వస్తే సరిపోదు, వచ్చింది తిరిగి పోవాలి. వంటింటి నుంచి తిరిగి పోయే నల్ల వైరును, అదే న్యూట్రల్‌ను, ఓదెలు కోసి, వరండాలో మిషన్ స్విచ్‌లోకి తీసుకుపోయి కలిపాడు. మిషన్ నడిస్తేనే వంటింటి కరెంటుకు పోయే దారి. మిషన్ ఆపితే దారి బంద్. టెస్టర్ వెలుగుతుంది, వస్తువు నడవదు.

“అంటే నువ్వు మిషన్ మీద కూసుంటెనే వంటింటికి పానం అస్తదా?” అంది శాంత. “నువ్వు వంటింట్లకు పోతె పోతదా? ఇదేం లైన్ అక్కా, థూ!”

నీల నేల మీద కూర్చుంది. ఇంత తేలికైన సంగతి మూడు వారాలు ఎందుకు బయటపడలేదు? ఒక మనిషి మిషన్ మీద, ఇంకో మనిషి పొయ్యి ముందు ఒకేసారి ఉంటే ఒక్క పూటలో తెలిసిపోయేది. ఈ ఇంట్లో ఆ ఇద్దరు మనుషులూ ఆమే. ఆమె లేచి వచ్చినప్పుడు మిషన్ మీద ఎవరూ కూర్చోలేదు, ఆమె కూర్చున్నప్పుడు పొయ్యి దగ్గరికి ఎవరూ రాలేదు. వచ్చిన వాళ్లు సల్లనీళ్లకు వచ్చారు, తీర్పు చెప్పడానికి వచ్చారు. ఇరవై ఒక్క రోజుల్లో ఒక్కరు, ఒక్క పూట, ఒక్క పని అందుకుని ఉంటే ఆమెకు మతి పోయేది కాదు.

“ఇప్పుడే సరిజేద్దాం పా” అంది శాంత.

“వద్దు. ఇయ్యాల బాగైతె, ‘దానికి మతి కుదిరింది’ అంటరు. రేపటిదాక గిట్లనే ఉండనియ్.” మరలు తిరిగి బిగించింది.

ఆదివారం పదింటికి యాదగిరి అరటిపండ్లు పట్టుకుని వచ్చాడు. చెల్లె మొహం చూడలేదు. గోడ మీది క్యాలెండర్ చూస్తూ, “మంచిగున్నవా?” అన్నాడు. లైన్ బాగానే ఉందని సాక్ష్యం చెప్పడానికి ఓదెలును కూడా పిలిపించాడు ప్రేమ్‌కుమార్. స్రవంతి తలుపు పట్టుకుని నిలబడింది. రాములవ్వ కోడలి బట్టల సంచి సర్ది ముందే గుమ్మం దగ్గర పెట్టింది.

“సంచి తర్వాత సంగతి. అందరు లోపటికి రాండ్రి” అంది నీల. “అన్నా, నువ్వు మిక్సీ బటన్ తిప్పి దాని మీద చెయ్యి పెట్టు. అత్తమ్మా, మీరు ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకోండ్రి.” మొగుడి వైపు తిరిగింది. “మీరు మిషన్ మీద కూసోండ్రి.”

“నేనా? కండెల మిషన్ మీదనా?” ప్రేమ్‌కుమార్ ఎగతాళిగా నవ్వబోయాడు. పుట్టినప్పటి నుంచీ సాంచాల మధ్య పెరిగిన మనిషి కండెల మిషన్ ముందు ఏనాడూ కూర్చోలేదు. అది ఆడవాళ్ల జాగా. బావ చూస్తున్నాడని కూర్చున్నాడు. మోకాళ్లు ఎటు పెట్టాలో తెలియలేదు.

“స్విచ్ వెయ్యుండ్రి.”

మిక్సీ యాదగిరి చేతి కింద గర్జించింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఫ్రిజ్‌లో లైటు మెరిసింది.

“బంద్ చెయ్యుండ్రి.”

అంతా చచ్చిపోయింది.

“మల్ల వెయ్యుండ్రి. బంద్ చెయ్యుండ్రి.” ఆమె గొంతు పెంచలేదు. అయిదోసారికి ఓదెలు మొహం నల్లబడింది. “న్యూట్రల్ జెర అటు ఇటైనట్టుంది అన్నా. చిన్న మిస్టేక్” అని తల గోక్కున్నాడు.

“గంతేనా!” అన్నాడు ప్రేమ్‌కుమార్. ఆయన మొహంలో సిగ్గు వస్తుందేమోనని నీల చూసింది. నవ్వు వచ్చింది! “వారీ ఓదెలూ, ఎంత పని జేసినవ్ రా!” అని వాడి వీపు మీద చరిచాడు. యాదగిరి కూడా బరువు దిగినట్టు నవ్వాడు. “పోనీ తియ్, వైర్ల తప్పు. నేనేమో ఎంత పరేషానైతినో” అన్నాడు. రాములవ్వ ఫ్రిజ్ తలుపు వేస్తూ, “లైటు మెరిసిందంటె నేను అబద్ధమాడలే గదా” అంది. అందరూ గెలిచారు. “అందరు అచ్చిండ్రు, చాయ్ పెట్టు” అన్నాడు ప్రేమ్‌కుమార్.

నీల కదలలేదు. “మతి లేదన్నరు గదా. ఆ మాట ఎవరు వాపస్ తీసుకుంటరు?”

“ఊకె మాట వరుసకన్నం. దాన్నే పట్టుకుంటవా?”

“మాట వరుసకే డాక్టర్ కాడికి తోలిస్తున్నరా? మాట వరుసకే నా బిడ్డను ఉంచుకుంటున్నరా? ఆ సంచి కూడ మాట వరుసకేనా?”

ప్రేమ్‌కుమార్ గోడ చూశాడు, తర్వాత ఓదెలును చూశాడు. “తప్పు వైరుది. నాదెట్లయితది?” అన్నాడు చివరికి.

“నన్నొక్కసారి అడిగితె పోయేదుండె, అన్నా” అని మాత్రం అంది నీల యాదగిరితో. ఆయన చెప్పుల కోసం గుమ్మం వైపు తిరిగాడు. చాయ్ తాగకుండానే కోరుట్ల బస్సుకు పోయాడు.

ఓదెలు సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీయబోతే నీల చేయి చాపింది. “ఇటియ్యి. రెండు మూరల వైరు కూడ ఇయ్యి. నువ్వు జరుగు.” మెయిన్ ఆపింది. వంటింటి నల్ల వైరును మిషన్ స్విచ్ నుంచి విప్పి దాని దారిన అది పోయేలా తిన్నగా కలిపింది. మిషన్‌కు దాని నల్ల వైరు విడిగా ఇచ్చి, స్విచ్‌లోకి ఎర్ర వైరు తెచ్చింది. ఓదెలు పక్కన నిలబడి తప్పుకోసం వెతికాడు, దొరకలేదు. మెయిన్ వేసింది. మిషన్ ఆపినా ఫ్రిజ్ నడుస్తోంది. ఫ్రిజ్ ఆపినా మిషన్ నడుస్తోంది. గుమ్మం దగ్గరి సంచిని స్రవంతి ఎత్తుకుపోయి లోపల పెట్టింది.

సోమవారం ఎనిమిదింటికి సాంచాలు మొదలయ్యాయి. ముందురోజు మిగిలిన కండెలు కొన్ని ఉన్నాయి. స్రవంతి బడికి పోయింది. నీల ఉప్మా చేసుకుంది, పల్లీల పచ్చడి మిక్సీలో వంటింట్లోనే రుబ్బుకుంది, వేడివేడిగా పళ్లెంలో పెట్టుకుని కూర్చుంది. వేడిది తిని ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. తొమ్మిదిన్నరకు ఒక సాంచ ఆగింది. మోతలో ఒక పోగు తీసేసినట్టు ఆమె చెవికి తెలిసింది. కాసేపటికి రెండోది. తర్వాత మూడోది, నాలుగోది. కార్మికులు కండెలకోసం కేకలు పెట్టారు. పదింటికల్లా ఇంట్లో ఆమె ఎన్నడూ వినని నిశ్శబ్దం వచ్చింది, గోడ గడియారం కూడా వినబడింది.

ప్రేమ్‌కుమార్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చప్పుడు లేని ఇంట్లో ఆయన గొంతు మరీ పెద్దగా ఉంది. “కండెలేవి? ఎనిమిది సాంచాలు బందైనయ్! మిషన్ మల్ల ఖరాబైందా?”

“మంచిగున్నది.”

“మరేమైంది?”

నీల పచ్చడి ఇంకొంచెం వేసుకుంది.

“ఏం గాలే. నేను ఒక్క మనిషిని, ఒక్క జాగలనే ఉంట. ఇప్పుడు ఇక్కడున్న. అక్కడ ఎవరు కూసుంటరో మీరే సూసుకోండ్రి.”